సగం కట్టిన ఇల్లు, పూర్తిగా రాసుకోవలసిన లెక్క

(పెద్ద అంబర్‌పేట్‌లో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రహదారి మీద ఇటు వస్తూంటే హయాత్‌నగర్ తగులుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన ఊరది. అక్కడి మసీదు చుట్టూ బాటసారులు రాత్రి తలదాచుకునేందుకు కట్టిన సరాయి గదులు నేటికీ ఉన్నాయి. ఆ కాలపు బాటసారికి ఒక రాత్రి నీడ దొరికితే చాలు. మనకు అలా కాదు. మలక్‌పేటలో, సైదాబాద్‌లో, చంచల్‌గూడలో ఇరవై ఏళ్ళు అద్దెలు కట్టి, ఏడాదికోసారి సామాను ఆటోకెక్కించి, వేరే బస్తీలో ఇల్లడిగితే పేరు విన్నాక ‘నిన్ననే ఇచ్చేశామండీ’ అనే మాట విని వచ్చినవాళ్ళం ఈ సభలో ఎందరమో ఉన్నాం. సొంత ఇల్లు మనకు దర్జా కాదు, ఆ మాట మళ్ళీ వినకుండా ఉండే హక్కు.

ఔటర్ రింగ్ రోడ్డు విజయవాడ రహదారిని కలిసే ఈ పెద్ద అంబర్‌పేట్ చుట్టుపక్కల పూర్తికాని ఇళ్ళు చాలా కనిపిస్తాయి. పిల్లర్లు లేచి ఉంటాయి, శ్లాబు పడి ఉంటుంది, గోడలకు ప్లాస్టరింగ్ ఉండదు, పై అంతస్తు కోసం వదిలిన ఊచలు తుప్పు పట్టి ఆకాశం వైపు చూస్తుంటాయి. కొన్ని ఇళ్ళు యజమాని చేతిలో డబ్బు అయిపోయి ఆగినవి. కొన్ని అన్నదమ్ముల తగాదాలో ఆగినవి. మరికొన్నింటిని కట్టినవాడే అక్కడిదాకా తెచ్చి, మిగతాది మీరు చేసుకోండని అమ్మకానికి పెడతాడు. పూర్తయిన ఇంటిని కొనలేని మన కుటుంబాల చూపు సహజంగానే వీటి మీద పడుతుంది. ఉన్నంతకు ధర కట్టి కొని, ఒక గదికి తలుపు బిగించుకొని కాపురం పెట్టి, మిగిలినది మూడు నాలుగేళ్ళలో పూర్తి చేసుకోవాలనే ఆలోచన తప్పు కాదు. వడ్డీ జోలికి పోకుండా జీతగాడు ఇంటివాడయ్యే మార్గాలు మన దేశంలో చాలా తక్కువ. వాటిలో ఇదొకటి అని నా అభిప్రాయం. అయితే ముక్కలుముక్కలుగా కొనే ఇంటికి, ముక్కలుముక్కలుగా వచ్చే డబ్బుకు, ప్రతి ముక్కకూ రాత ఉండాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ప్రధానంగా అదే.

ముందు కాగితాల సంగతి. ఈ ఊరు ఒకప్పుడు గ్రామ పంచాయతీ, తరువాత పురపాలక సంఘమైంది. పంచాయతీ రోజుల్లో అనుమతి లేని లేఅవుట్లలో అమ్మిన ప్లాట్లు ఇటువైపు తక్కువేమీ కావు. అటువంటి వాటిని క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం 2020 ఆగస్టు 31న 131వ నంబరు జీవోతో ఎల్.ఆర్.ఎస్. తెచ్చింది. కాబట్టి అమ్మేవారిని మొదట అడగవలసింది ఇంటి ధర కాదు. ప్లాటుకు ఎల్.ఆర్.ఎస్. ఉత్తర్వు ఉందా, లేక దరఖాస్తు రశీదు మాత్రమే ఉందా అని అడగాలి. రశీదు ఉత్తర్వు కాదు. తరువాత లింకు పత్రాలు, ఈ.సి., ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదీ లేనిదీ చూడాలి. ప్రభుత్వ భూములు, వక్ఫ్ భూములు ఆ జాబితాలో ఉంటాయి. మన పెద్దలు అల్లాహ్ పేరిట విడిచిన భూమిలో మనమే తెలియక ఇల్లు కొనుక్కోవడం కంటే విచారం ఏముంటుంది? 1951లో భూదానోద్యమం పుట్టిన పోచంపల్లి ఇక్కడికి దూరం కాదు. ఆ ఉద్యమంలో ఇచ్చిన భూములు పేదలకు పంచడానికే తప్ప అమ్మకానికి కావు. చెరువు శిఖం, ఎఫ్.టి.ఎల్. హద్దుల్లో కట్టిన ఇళ్ళ గతి ఏమవుతుందో 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత నగరమంతా చూసింది. భూమి తగాదా ఎంత దూరం పోగలదో ఈ మండలానికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు తన కార్యాలయంలోనే అగ్నికి ఆహుతైన దారుణం మనమెవ్వరమూ మరచిపోలేదు.

నోటరీ కాగితం మీద, జి.పి.ఏ. మీద ఇల్లు కొనే అలవాటు మనవాళ్ళలో ఇంకా ఉంది. జి.పి.ఏ. ద్వారా జరిపే అమ్మకం యాజమాన్య హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. ‘భాయీ, అందరూ అలాగే కొన్నారు’ అనే వాదన కోర్టులో నిలవదు.

పూర్తికాని ఇంటికి ఇంకొక చిక్కుంది. నిర్మాణ అనుమతికి గడువుంటుంది. 2020లో వచ్చిన టి.ఎస్. బిపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కరలేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. అంతకు మించి 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. కానీ స్వీయ ధ్రువీకరణ ఇచ్చింది పాత యజమాని. ప్లానులో ఒక అంతస్తు చూపి రెండు వేసి ఉంటే, విడవవలసిన జాగా విడవకుండా గోడ కట్టి ఉంటే, ఆ తప్పును కూడా ఇంటితో పాటే మీరు కొన్నట్టు. ప్లాను కాగితం పట్టుకొని టేపుతో కొలవకుండా బయానా ఇవ్వకండి. రెరా ఉంది కదా అని ధైర్యపడవద్దు. 500 చదరపు మీటర్ల లోపు స్థలాన్ని, ఎనిమిదికి మించని ఫ్లాట్లను 2016 నాటి ఆ చట్టం నమోదు నుంచి మినహాయించింది. మనం కొనే ఇళ్ళు చాలావరకు ఆ మినహాయింపులోకే వస్తాయి.

కట్టడం గురించి క్లుప్తంగా చెబుతాను. శ్లాబు పడింది కాబట్టి ముప్పాతిక పని అయిపోయిందనుకోవడం మనం తరచుగా చేసే పొరపాటు. ప్లాస్టరింగ్, తలుపులు, కిటికీలు, కరెంటు, నీటి పైపులు, బాత్రూములు, నేల, రంగులు, బోరు, మురుగు కనెక్షను, వీటన్నిటి ఖర్చు మొత్తంలో సగానికి దగ్గరగా ఉంటుంది. ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి నిలిచిన ఊచల తుప్పు పైపైన ఉందా, లోపలికి తిన్నదా అన్నది ఇంజనీరు చూసి చెప్పాలి. శ్లాబుకు నీళ్ళు సరిగ్గా పట్టారా లేదా అన్నది ఇప్పుడు మేస్త్రి నోటిమాటతో తేలదు. సుత్తి పరీక్ష చేసి కాంక్రీటు బలాన్ని అంచనా వేసే ఇంజనీర్లున్నారు. లక్షలు పెట్టేవాడు వారికిచ్చే ఫీజు దగ్గర పిసినారితనం చూపరాదు.

ఇక డబ్బు. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇవ్వడానికి రాలేదు. లెక్క మాత్రం చెప్పగలను. 25 లక్షల గృహరుణం 9 శాతం వడ్డీ మీద 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 22,500 రూపాయల కిస్తీ. ఇరవై ఏళ్ళు పూర్తయ్యేసరికి 54 లక్షలు కట్టి ఉంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణాలకు ఇంటి విలువలో 90 శాతం మించి ఇవ్వరు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను, పది లక్షలకు మించని ఇళ్ళకు తప్ప, ఆ విలువలో కలపరు. మన రాష్ట్రంలో ఆ ఖర్చులు మొత్తం 7.5 శాతం. అది చేతి డబ్బే కావాలి. నిర్మాణంలో ఉన్న ఇంటికి రుణం మొత్తం ఒకేసారి రాదు, పని నడిచిన కొద్దీ విడతలుగా వస్తుంది. వడ్డీ మాత్రం మొదటి విడత అందిన నాటి నుంచే నడుస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఇంటికి తలుపు లేదు, నీళ్ళు లేవు, మీరింకా మలక్‌పేటలో అద్దె కడుతూనే ఉన్నారు. అయినా వడ్డీ పెరుగుతోంది. అదే ఆ ఇంట్లో మీతో పాటు వాటా కొన్న భాగస్వామి ఒకరున్నారనుకోండి. తన వాటాకు అద్దె అడగాలంటే ఇల్లు నివాసయోగ్యం అయ్యేదాకా ఆయన ఆగవలసిందే, ఎందుకంటే నీడనివ్వని ఇంటికి అద్దె ఉండదు. రిబాకూ అద్దెకూ తేడా ఏమిటని మన పిల్లలు అడుగుతుంటారు. పుస్తకాలు విప్పనక్కరలేదు, వారిని సగం కట్టిన ఇంటి ముందు నిలబెట్టి చూపితే చాలు. ఇల్లు కూలినా, ధర పడిపోయినా భాగస్వామి వాటా కూడా నష్టపోతుంది. రుణదాత లెక్క మారదు. అందువల్లనే భాగస్వామి కూడా మీతో వచ్చి కాగితాలు చూస్తాడు, పిల్లర్లు చూస్తాడు. ఆ రెండో జత కళ్ళు మీకు లాభం.

దీన్నే ఫిఖహ్ పండితులు తరిగే ముషారకా అంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. శ్లాబు పడిన ఇల్లు 40 లక్షలు. మీ దగ్గర 16 ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్న మీ బావగారో, పదవీ విరమణ డబ్బు చేతికొచ్చిన మామగారో 24 పెట్టారు. పూర్తి చేయడానికి 14 లక్షలు మీరే మూడేళ్ళలో పెట్టారు. మొత్తం 54లో మీవి 30, వారివి 24. అంటే తొమ్మిదింట ఐదు వాటాలు మీవి, నాలుగు వారివి. ఆ వీధిలో అటువంటి ఇంటి అద్దె 13,500 అయితే, కాపురం పెట్టిన నెల నుంచి వారి వాటాకు మీరిచ్చేది 6,000. రెండేళ్ళ తరువాత 8 లక్షల వాటా కొన్నారు, అద్దె 4,000కు దిగింది. వారి వాటా తరిగేకొద్దీ అద్దె కూడా తరుగుతుంది. వాటాలు కొనేటప్పుడు ఏ ధర కట్టాలన్నది ఆలిమ్‌లను అడిగి ముందే తేల్చుకోండి. పూర్తయ్యాక వచ్చే వాటాలను మొదటి రిజిస్ట్రేషన్‌లోనే చూపి, 14 లక్షలు పెట్టే బాధ్యతను వేరే ఒప్పందంగా రాసుకునే వీలుందేమో న్యాయవాదితో చూపించుకోండి.

ఎందుకు ఇంత జాగ్రత్త అంటే, వాటా చేతులు మారిన ప్రతిసారీ మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్ళీ పడుతుంది. పై ఉదాహరణలో 24 లక్షల వాటా మీ పేరుకు రావడానికి మరో 1,80,000 రూపాయలు. వడ్డీతో కొన్నవాడికి ఈ రెండో పన్ను లేదు, వడ్డీ లేకుండా కొన్నవాడికి ఉంది. బ్రిటన్‌లోనూ ఈ ఇబ్బందే ఉండేది. సంస్థ ఇల్లు కొన్నప్పుడొకసారి, కుటుంబానికి అమ్మినప్పుడొకసారి పన్ను పడేది. 2003లో ఆ దేశం తన ఆర్థిక చట్టంలో ఈ రెండో పన్నును తొలగించింది. ముస్లింలకు మాత్రమే అని కూడా కాదు, ఆ పద్ధతిలో కొనే ఎవరికైనా.

మనం మన ప్రభుత్వాన్ని అడగవలసింది ఇదే. వడ్డీలేని బ్యాంకింగ్ గురించి ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ దానికి అనుకూలంగా సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదని తేల్చింది. బ్యాంకులు వ్యాపారం చేయరాదనీ, స్థిరాస్తులు అట్టిపెట్టుకోరాదనీ 1949 నాటి బ్యాంకింగ్ చట్టమే అంటున్నది. దాన్ని మార్చే అధికారం పార్లమెంటుది. కానీ స్టాంపు డ్యూటీని తగ్గించే, మాఫీ చేసే అధికారం 1899 నాటి స్టాంపు చట్టం 9వ సెక్షన్ కింద రాష్ట్రం చేతిలోనే ఉంది. నివాసం కోసం కలిసి కొన్న ఇంట్లో ఒక భాగస్వామి వాటా మరో భాగస్వామికి చేరేటప్పుడు డ్యూటీ మాఫీ చేయమని అడగడం మతపరమైన రాయితీ కోరడం కాదు. ఉమ్మడిగా ఇల్లు కొనుక్కునే ప్రతి పేద కుటుంబానికీ అది పనికొస్తుంది. ఎన్నికల వేళ మన వేదికల మీదికి వచ్చే నాయకులను ఈ ఒక్క మాట సూటిగా అడగండి. సచార్ కమిటీ 2006లోనే రాసింది, ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు రుణాలకు పనికిరానివిగా గుర్తు పెట్టుకున్నాయని. అంటే వడ్డీకి సిద్ధపడినవాడికీ తలుపు సగమే తెరుచుకుంటుంది.

అవసరం తప్పనిదైతే గృహరుణానికి కొన్ని షరతులతో అవకాశముందని ఐరోపా ఫత్వా మండలి 1999లో అభిప్రాయపడింది. చాలామంది ఉలమా దానితో ఏకీభవించలేదు. బ్యాంకు రుణం తీసుకున్న సోదరుణ్ణి సభల్లో నిందించే అలవాటును మాత్రం మానుకుందాం. అతనికి వేరే మార్గం చూపలేకపోయింది మనమే. ఈ నగరానికి ఆ మార్గం తెలియనిది కాదు. ఉస్మానియా పండితుడు ముహమ్మద్ హమీదుల్లా 1955లోనే హైదరాబాద్ వడ్డీలేని రుణ సంఘాల చరిత్ర రాశారు. 1966 నుంచి తూర్ బైతుల్‌మాల్ వంటి సంస్థలు ఇక్కడ వడ్డీ లేకుండా రుణాలిస్తున్నాయి. అవి ఇచ్చేవి చిన్న మొత్తాలు, ఇల్లు కొనడానికి చాలవు. కానీ కొన్న ఇంటికి తలుపులు, కిటికీలు బిగించడానికి చాలవచ్చు. పూర్తికాని ఇంట్లో ఉన్న సౌకర్యమదే, పని చిన్నచిన్న ముక్కలుగా తెగుతుంది. ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో ప్రభుత్వమిచ్చే 5 లక్షలు కూడా పునాదికింత, గోడలకింత, శ్లాబుకింత అని విడతలుగానే వస్తున్నాయి. ఒకటి మాత్రం మరవవద్దు. హలాల్ లాభాలని ఆశ చూపి డిపాజిట్లు దండుకొన్న కంపెనీలు 2018, 2019లలో హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఎన్ని ఇళ్ళ కలలు ముంచాయో. ఇంటి కోసం దాచిన డబ్బు ఇంటికే వెళ్ళాలి, ‘రెట్టింపు చేసి ఇస్తాం’ అన్నవాడి దగ్గరికి కాదు.

చివరగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అబ్బా ఇటువంటి ఇల్లే కొన్నారు. రిజిస్ట్రేషన్ ఆయన పేర. శ్లాబు దాకా ఆయన డబ్బు. పై పనులకు దుబాయి నుంచి భాయిజాన్ పంపారు, నా జీతంలో కొంత నేనిచ్చాను, ఆపా తన రెండు గాజులు తీసిచ్చింది. ఇదంతా కానుకా, అప్పా, వాటాయా అని ఆనాడు ఎవరూ అడగలేదు. కన్నతండ్రిని అలా అడగడం బేఅదబీ అనుకున్నాం. అబ్బా పోయిన నలభయ్యో రోజు దాటకముందే ఆ ప్రశ్న మా మధ్య కూర్చుంది. భాయిజాన్ ఇల్లు తనదన్నారు. కూతుళ్ళకు దివ్యఖుర్ఆన్ నిర్ణయించిన వాటా ఇవ్వవలసి వస్తుందనేసరికి, ‘ఇల్లు కట్టింది మేమే కదా’ అనే మాట నా నోటి నుంచి కూడా వచ్చింది. సిగ్గుతో చెబుతున్నాను. అప్పులు తీర్చాకే వారసత్వమని ధర్మం. కానీ ఏది అప్పో తెలిస్తే కదా తీర్చడం! ఏడాదిన్నర మాటల్లేవు. చివరికి అమ్మీ ట్రంకు పెట్టెలోంచి ఒక నోటు పుస్తకం తీశారు. ఉర్దూలో, పెన్సిలుతో, ఏ తేదీన ఎన్ని సిమెంటు బస్తాలు, ఆ డబ్బు ఎవరిది, అన్నీ రాసి ఉన్నాయి. ఆపా గాజులు తూచిన బరువు కూడా. ఆ పుస్తకం ముందు పెట్టుకొని ఒక్క రాత్రిలో లెక్క తేల్చుకున్నాం. ముందు అప్పులు వేరు చేశాం, తరువాత వాటాలు. ఆపా వాటా ఆపాకు అందింది.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, అల్ బఖరా 282, అప్పును రాసుకోవడం గురించి. మనం ఇతర ఆదేశాలను గోడల మీద పటం కట్టి పెడతాం, దీన్ని మాత్రం బంధువుల మధ్య అవమానంగా భావిస్తాం. అన్నదమ్ములు డబ్బు పెడితే వారి పేర్లు పత్రంలో ఉమ్మడి యజమానులుగా ఉండాలి. తోబుట్టువు పేరిట కొన్న ఇంటికి బేనామీ చట్టం మినహాయింపు ఇచ్చేది ఇద్దరి పేర్లూ పత్రంలో ఉన్నప్పుడే. ఇంటి కొనుగోలులో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. బ్యాంకు ద్వారా ఇస్తే సాక్ష్యమూ మిగులుతుంది. తండ్రి ఇల్లు పిల్లలకో భార్యకో హిబా చేయదలిస్తే నోటిమాటతో, స్వాధీనంతో చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. విశాఖపట్నం కుటుంబం ఒకదాని కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. అయితే ఆ హిబా రాసింది 1968లో, ఆ తీర్పు వచ్చింది 2011లో. నలభై మూడేళ్ళు! చట్టం ఒప్పుకున్నా రిజిస్టరు చేయించుకోండి. మెహర్ బాకీ ఉన్న భర్తలు ఇంట్లో ఒక వాటా భార్య పేర రాసి ఆ బాకీ తీర్చవచ్చు. ఇది వినగానే వెనుక వరుసల్లో సోదరీమణులు నవ్వుతున్నారు, ముందు వరుసల్లో సోదరులు మౌనంగా ఉన్నారు.

పత్రాలు వెంట తెచ్చినవారు కొందరున్నారని నిర్వాహకులు చెప్పారు. మగ్రిబ్‌కు ఇంకా ముప్పావు గంట ఉంది. మన న్యాయవాది సోదరుడు ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటారు. లింకు పత్రాలు, ఈ.సి., ప్లాను కాగితం, ఆ వరుసలో పెట్టుకొని రండి. బయానా ఇంకా ఇవ్వనివారు ముందు రండి.